ట్రేస్‌రూట్: ఇంటర్నెట్‌లో మజిలీల లెక్క

ఒక కంప్యూటర్ నుంచి బయల్దేరిన సమాచారం గమ్యం చేరేలోగా ఏయే రూటర్ల మీదుగా వెళుతుందో వరసగా చూపే చిన్న ప్రోగ్రాం ట్రేస్‌రూట్. లినక్స్, మాక్ కంప్యూటర్లలో ఇదే పేరుతో, విండోస్‌లో ట్రేసర్ట్ అన్న పేరుతో దొరుకుతుంది. దారిలో తగిలే ఒక్కో రూటర్‌ను నెట్‌వర్క్ పనివాళ్ళు హాప్ అంటారు. కాలినడకన కాశీకి పోయేవాళ్ళు రాత్రికి దిగే చోటుకు తెలుగులో మజిలీ అన్న మాట ఉండనే ఉంది. ఈ వ్యాసంలో అదే వాడుతున్నాం.

ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దారిలోని మజిలీల సంగతులన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాసి పంపాడు. ఇంటిపట్టున ఉన్న పిళ్లెకు ఆ రాతల వల్లే దారి తెలిసింది. ట్రేస్‌రూట్ చేసే పని కూడా దాదాపు ఇదే. తేడా ఒక్కటే, కానీ పెద్ద తేడా. కాశీయాత్రలో మొదటి మజిలీ నుంచి చివరి దాకా నడిచింది ఒకే మనిషి. ట్రేస్‌రూట్‌లో ఒక్కో మజిలీకి ఒక్కో ప్రయాణికుణ్ణి పంపుతారు, అతను అక్కడే చనిపోతాడు, మనకు అందేది అతని చావుకబురు. ఈ సంగతి మరిచిపోయి చదివితే ట్రేస్‌రూట్ చెప్పిన నిజం కూడా అబద్ధంలా పనిచేస్తుంది.

తగ్గుతూ పోయే అంకె

ఇంటర్నెట్‌లో సమాచారం ప్యాకెట్లుగా తెగి ప్రయాణిస్తుంది. సాధారణంగా ఒక్కో ప్యాకెట్ 1,500 బైట్లకు మించదు. దాని నుదుట పంపినవారి చిరునామా, అందాల్సినవారి చిరునామా ఉంటాయి కానీ, ఏ దారిన పోవాలో ఉండదు. ప్రతి రూటరూ గమ్యం చిరునామా చూసి, తన దగ్గరున్న పట్టికలో వెతికి, పక్క రూటర్‌కు తోసేస్తుంది. అక్కడితో దాని బాధ్యత తీరింది. ఊరు తెలియని మనిషి ప్రతి సెంటర్లోనూ ఆగి ‘ఫలానా వీధికి ఎటు?’ అని అడుగుతూ పోయినట్టు పోతుంది ప్యాకెట్. మొత్తం దారి తెలిసినవాడు ఎవడూ లేడు, మొదట పంపినవాడితో సహా.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదముంది. రెండు రూటర్ల పట్టికలు పొసగకపోతే ఇది అటు పొమ్మంటుంది, అది ఇటు పొమ్మంటుంది. ప్యాకెట్ ఆ రెండింటి మధ్యా బంతిలా తిరుగుతూనే ఉంటుంది. ఇలాంటివి లక్షల్లో పోగైతే లైను మొత్తం వాటితోనే నిండిపోతుంది. అందుకే ఐపీ అనే ఇంటర్నెట్ నియమావళిని నిర్వచిస్తూ 1981 సెప్టెంబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 791 అనే ప్రమాణపత్రంలో ప్రతి ప్యాకెట్‌కూ ఒక ఆయుష్షు పెట్టారు. దాని పేరు టీటీఎల్, ఎనిమిది బిట్ల అంకె, గరిష్ఠం 255. మొదట దీన్ని సెకన్లలో కొలవాలనుకున్నారు. అయితే సెకను పట్టకపోయినా ప్రతి రూటరూ కనీసం ఒకటి తగ్గించి తీరాలన్నది నియమం. రూటర్లు వేగం పుంజుకునే కొద్దీ సెకన్ల లెక్క పోయి మజిలీల లెక్క మిగిలింది. ఐపీ ఆరో వెర్షన్ రాసినప్పుడు పేరు కూడా ఆ మేరకే హాప్ లిమిట్ అని మార్చారు.

అంకె సున్నాకు దిగితే రూటర్ ఆ ప్యాకెట్‌ను పారేస్తుంది. పారేసి ఊరుకోకుండా, పంపినవారికి ‘దీని కాలం తీరింది’ అని ఐసీఎంపీ పద్ధతిలో ఒక కబురు పంపుతుంది. కబురు పంపిన రూటర్ చిరునామా ఆ కబురు మీదే ఉంటుంది. ట్రేస్‌రూట్ అంతా ఈ మర్యాద మీద ఆధారపడి నిలబడింది. మొత్తం దారి చూపించడానికి ఇంటర్నెట్‌లో సరైన ఏర్పాటేదీ లేదు. పొరపాట్లను తెలియజేయడానికి పెట్టుకున్న ఏర్పాటును ఒకాయన దారి చూపేదిగా వాడుకున్నాడు.

నిద్రలేని రెండు రోజులు

ఆయన పేరు వాన్ జేకబ్సన్, కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో పరిశోధకుడు. 1986 అక్టోబరులో ఆ ప్రయోగశాలకూ, నాలుగొందల గజాల దూరంలో ఉన్న బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య నెట్‌వర్క్ వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. నడుచుకుంటూ వెళ్ళి కాగితం చేతికిచ్చి రావడమే నయం అనిపించే స్థితి. ఆ రద్దీ ఎందుకొచ్చిందో తవ్వి, జేకబ్సన్ 1988లో ప్రచురించిన పరిశోధనపత్రమే ఈనాటికీ ఇంటర్నెట్ రద్దీ నియంత్రణకు పునాది.

ఆ కాలంలోనే ట్రేస్‌రూట్ కూడా పుట్టింది. దారిలో ఎక్కడో పొరపాటుంది, ఎక్కడో తెలియడం లేదు. అప్పటికి చేతిలో ఉన్నది పింగ్. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాలలో మైక్ మూస్ రాసిన ప్రోగ్రాం అది. జలాంతర్గాముల సోనార్ చేసే చప్పుడు పేరు పెట్టాడు దానికి. పింగ్ అవతలివాడు పలుకుతున్నాడా లేదా అన్నంతవరకే చెబుతుంది. పలకకపోతే లోపం ఎక్కడుందో దానికి తెలియదు. టీటీఎల్‌ను కావాలని తక్కువ పెట్టి పంపితే సరి అన్న సూచన స్టీవ్ డీరింగ్‌ది. తర్వాత ఐపీ ఆరో వెర్షన్ రూపకర్తల్లో ఒకడైనది ఈయనే. సూచనను పనిచేసే ప్రోగ్రాంగా మార్చింది జేకబ్సన్. మూల ప్రోగ్రాంలో ఆయన పేరు పక్కనున్న తేదీ 1988 డిసెంబరు 20, వేళ తెల్లవారుజామున 3 గంటల 50 నిమిషాలు. ఇది చూసి ప్రోగ్రాం రాయడం నేర్చుకోవద్దని, 48 గంటలు నిద్రలేకుండా ఒక దారి లోపం వెతుకుతుంటే ఇది ఊడిపడిందని, కంపైల్ అవడమే తనకు ఆశ్చర్యమని ఆయన అందులోనే రాసిపెట్టాడు. ముప్పై ఏళ్ళు దాటినా లోకం దాన్నే వాడుతోంది.

ఉపాయం ఇంత: ముందు టీటీఎల్ ఒకటి పెట్టి ప్యాకెట్ పంపాలి. మొదటి రూటర్ ఒకటి తగ్గించగానే సున్నా, చావుకబురు వస్తుంది, మొదటి మజిలీ తెలిసింది. తర్వాత రెండు పెట్టి పంపాలి, రెండో రూటర్ దగ్గర చస్తుంది. మూడు, నాలుగు, ఇలా మామూలుగా ముప్పై దాకా. ప్రతి మజిలీకీ మూడేసి ప్యాకెట్లు పంపి, ఒక్కోదానికీ కబురు ఎంతసేపట్లో వచ్చిందో మిల్లీసెకన్లలో అచ్చువేస్తుంది.

గమ్యం చేరాక ఏమిటి? అక్కడ టీటీఎల్ మిగిలే ఉంటుంది కాబట్టి చావుకబురు రాదు. దీనికి జేకబ్సన్ వేసిన ఎత్తు నాకు అన్నిటికన్నా ముచ్చటగా ఉంటుంది. ప్యాకెట్లను యూడీపీ పద్ధతిలో, ఎవరూ వాడని పోర్టుకు పంపాడు. పోర్టంటే కంప్యూటర్‌లో ఒక్కో ప్రోగ్రాంకు ఉండే తలుపు నంబరు. 33434 నుంచి మొదలుపెట్టి ఒక్కో ప్యాకెట్‌కూ ఒక్కో అంకె పెంచుతూ పోయాడు. మూల ప్రోగ్రాంలో ఆ అంకెను 32768కి 666 కలిపినట్టు రాశాడు. గమ్యంలోని కంప్యూటర్ ‘ఆ పోర్టులో ఎవరూ లేరు’ అని జవాబిస్తుంది. ఆ మాట వినగానే ట్రేస్‌రూట్ ఆగిపోతుంది. దారి మధ్యలో చావుకబుర్లు, చివర్లో తలుపు దగ్గర తిరస్కారం: మొదటి నుంచి చివరిదాకా ఒక్క ప్యాకెట్ కూడా చేయవలసిన పని చేయదు, అయినా పని పూర్తవుతుంది.

విండోస్ ట్రేసర్ట్ యూడీపీ బదులు పింగ్ వాడే ఐసీఎంపీ ప్యాకెట్లనే పంపుతుంది. ఈ రెండు రకాలనూ చాలా ఫైర్‌వాల్‌లు అడ్డుకుంటాయి కాబట్టి, వెబ్‌సైట్లు వాడే టీసీపీ పోర్టులకే ప్యాకెట్లు పంపే రకాలు తర్వాత వచ్చాయి. 1997లో మాట్ కింబల్ రాయగా, మరుసటి ఏడు రోజర్ వుల్ఫ్ చేతికెళ్ళిన ఎంటీఆర్ పింగ్‌నూ ట్రేస్‌రూట్‌నూ కలిపి, ఆపేదాకా ప్యాకెట్లు పంపుతూ ఒక్కో మజిలీలో నూటికి ఎన్ని పోతున్నాయో చూపిస్తుంది. రోజూ ఈ పని చేసేవాళ్ళ కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

హైదరాబాద్ నుంచి ఒక దారి

హైదరాబాద్‌లో ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంటి నుంచి ఐరోపాలోని ఒక సర్వరుకు దారి తీస్తే తెరమీద వచ్చేది ఇంచుమించు ఇలా ఉంటుంది.

మొదటి వరసలో 192.168.1.1 అనో, దానికి దగ్గరి అంకెనో కనబడుతుంది. అది గోడకు తగిలించిన వైఫై పెట్టె. పక్కన ఒకటి రెండు మిల్లీసెకన్లు ఉండాలి. పెట్టె హాల్లో ఇనప బీరువా వెనక ఉండి, ల్యాప్‌టాప్ పడగ్గదిలో ఉంటే ఇక్కడే 3, 112, 40 అని పడుతుంది. అలా పడితే కింది వరసలు చదవనక్కర్లేదు, జబ్బు ఇంట్లోనే ఉంది. ల్యాప్‌టాప్‌ను తీగతో కలిపి మళ్ళీ తీయాలి.

రెండో వరసలో తరచు 10తోనో 100.64తోనో మొదలయ్యే చిరునామా వస్తుంది. ఐపీ నాలుగో వెర్షన్‌లో ఉన్నవే 430 కోట్ల చిరునామాలు. ప్రపంచ నిల్వ 2011 ఫిబ్రవరిలో ఖాళీ అయింది. ఇంటర్నెట్ కంపెనీలు ఎన్నో ఇళ్ళను ఒకే బయటి చిరునామా వెనక ఉంచుతున్నాయి. ఆ లోపలి వాడకానికి 100.64తో మొదలయ్యే వరసను 2012లో కేటాయించారు. అంటే ప్యాకెట్ ఇంకా కంపెనీ కాంపౌండు దాటలేదు.

మూడో వరసలో చిరునామా లేదు, మూడు నక్షత్రం గుర్తులున్నాయి. మూడు ప్యాకెట్లలో ఒక్కదానికీ కబురు రాలేదని అర్థం. కొత్తగా చూసేవాళ్ళు ఇక్కడే గుండెలు బాదుకుంటారు. నాలుగో వరస మామూలుగా వచ్చిందంటే మూడో రూటర్ ప్యాకెట్లను చక్కగా దాటిస్తూనే ఉంది, చావుకబుర్లు రాయవద్దని మాత్రం దానికి చెప్పిపెట్టారు.

నాలుగు, అయిదు వరసల్లో రూటర్లకు పేర్లు మొదలవుతాయి. నెట్‌వర్క్ ఇంజనీర్లు రూటర్ పేరులో ఊరిని ఇరికిస్తారు, ఎక్కువగా విమానాశ్రయపు మూడక్షరాల గుర్తుతో. హెచ్‌వైడీ అంటే హైదరాబాద్, ఎంఏఏ అంటే చెన్నై, బీఓఎం అంటే ముంబయి. ఊళ్ళ పేర్లు మారి ఎన్నేళ్ళయినా రూటర్లలో ఇంకా బొంబాయి బొంబాయిగానే ఉంది. ఈ పేర్లకు చట్టబద్ధత ఏమీ లేదు. యజమాని ఏం రాసుకుంటే అదే. 2013లో ఒక అమెరికన్ నెట్‌వర్క్ ఇంజనీరు రెండు రూటర్లలో మజిలీల వరస కల్పించి, వాటి పేర్లను పైనుంచి కిందికి చదివితే స్టార్ వార్స్ మొదటి సినిమా ప్రారంభంలో తెరమీద పాకే వాక్యాలు వచ్చేట్టు చేశాడు. కొన్నాళ్ళు ప్రపంచమంతా ఆ చిరునామాకు దారి తీసి చూసుకుంది.

ఈ ట్రేస్‌లో ఆరో వరస ముంబయి, 17 మిల్లీసెకన్లు. ఏడో వరస ఫ్రాన్స్‌లోని మార్సేయ్ రేవు, 115. ఒక్క అడుగులో దాదాపు వంద పెరిగింది. ఇది లోపం కాదు, సముద్రం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన ఒక మిల్లీసెకనులో వంద కిలోమీటర్లు పోయి రావచ్చు. ముంబయి నుంచి అరేబియా సముద్రం, ఎర్రసముద్రం, ఈజిప్టు నేల, మధ్యధరా దాటి మార్సేయ్ చేరే కేబుల్ పొడవును వందతో భాగిస్తే ఈ వంద మిల్లీసెకన్లలో అత్యధిక భాగం వచ్చేస్తుంది. రూటర్లు ఎంత మెరుగైనా దీన్ని తగ్గించలేవు.

ఈ లెక్క అబద్ధాలను కూడా పట్టిస్తుంది. చిరునామా ఏ దేశంలో ఉందో చెప్పే వెబ్ పట్టికలు చాలాసార్లు కంపెనీ రిజిస్టరైన ఊరునే చూపుతాయి. 20 మిల్లీసెకన్లలో హైదరాబాద్‌కు జవాబిచ్చిన రూటర్ అమెరికాలో ఉందని పట్టిక చెబితే పట్టికే తప్పు. 20 మిల్లీసెకన్లలో కాంతి పోయిరాగలిగేది 2,000 కిలోమీటర్లు.

పొరపాటు పడే చోట్లు

కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి ‘మీ ఆరో రూటర్‌లో 180 చూపిస్తోంది, బాగుచేయండి’ అని పోట్లాడే కస్టమర్లు ఉంటారు. ‘సార్, మా సైడ్ అంతా ఓకే’ అని వచ్చే జవాబు వినీ వినీ విసిగిపోయి ఉంటాం కాబట్టి నమ్మబుద్ధి కాదు. కానీ ఈ ఒక్క విషయంలో ఆ జవాబు తరచు నిజం. ఆరో వరసలో 180 ఉండి ఏడో వరసలో 115 ఉంటే, ఏడుకు పోయిన ప్యాకెట్ ఆరు మీదుగానే 115లో పోయి వచ్చింది కదా. పెద్ద రూటర్లలో ప్యాకెట్లను దాటించే పనిని ప్రత్యేకమైన చిప్పులు చేస్తాయి. చావుకబురు రాసే పని రూటర్ సొంత ప్రాసెసర్‌ది. దానికి వేరే ముఖ్యమైన పనులుంటాయి, కబుర్లు తీరిక దొరికినప్పుడు రాస్తుంది, సెకనుకు ఇన్నేనని పరిమితి కూడా పెట్టుకుంటుంది. ఆలస్యం ఒక వరసలో మొదలై చివరి వరస దాకా తగ్గకుండా కొనసాగితేనే అనుమానించాలి.

అప్పుడు కూడా ఆ వరసనే దోషి అనలేం. వీరాస్వామి కాశీకి పోయింది కడప, హైదరాబాద్, నాగపూర్ మీదుగా. తిరిగొచ్చింది గయ, కలకత్తా చూసుకుని సముద్రతీరం వెంబడి, విశాఖపట్నం, రాజమండ్రి మీదుగా. ప్యాకెట్ల సంగతీ అంతే. ట్రేస్‌రూట్ చూపే మజిలీలు పోయే దారివి, చూపే కాలం పోను రాను రెండు దారులదీ. వచ్చే దారిలోని రూటర్లు ఒక్కటీ తెరమీదికి రావు. పైగా ఇంటర్నెట్ కంపెనీలు పరాయి ప్యాకెట్‌ను వీలైనంత దగ్గరి కూడలిలోనే అవతలివాడి నెత్తిన పెట్టేస్తాయి. ఈ అలవాటుకు ఇంగ్లీషులో వేడి బంగాళాదుంప పేరు పెట్టారు, చెయ్యి కాలకముందే పక్కవాడికి అందించడం కాబట్టి. ఇద్దరూ అదే పని చేస్తే పోయే దారీ వచ్చే దారీ ఒకటి కావడమే వింత. వచ్చే దారిని కూడా కనుక్కునే పద్ధతిని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఈథన్ కాట్జ్‌బాసెట్ బృందం 2010లో ప్రచురించింది. ఐపీ ప్యాకెట్‌లో దారి రాసుకోవడానికి తొమ్మిది చిరునామాల చోటు ఇచ్చే ఒక పాత సదుపాయం ఉంది. గమ్యానికి దగ్గరగా ఉన్న కంప్యూటర్ నుంచి ప్యాకెట్ పంపితే పోయేటప్పుడు కొన్ని గళ్ళు నిండి, మిగిలిన గళ్ళలో తిరుగుదారి పడుతుంది. అలా ముక్క ముక్కగా అతికించాలి.

ఇక మొదట చెప్పుకున్న సంగతి, ఒక్కో వరసకు వేర్వేరు ప్యాకెట్లు. పెద్ద నెట్‌వర్కుల్లో రెండు చోట్ల మధ్య సమానమైన దారులు నాలుగైదు ఉంటాయి. ఒకే సంభాషణకు చెందిన ప్యాకెట్లు ఒకే దారిన పోవాలని రూటర్లు చిరునామాలతో పాటు పోర్టు అంకెలు కూడా చూసి దారి పంచుతాయి. పాత ట్రేస్‌రూట్ ప్రతి ప్యాకెట్‌కూ పోర్టు అంకె మారుస్తుంది. కాబట్టి ప్రతి ప్యాకెట్ కొత్త సంభాషణలా కనబడి వేరే దారి పట్టవచ్చు. నాలుగో వరసలోని రూటరూ అయిదో వరసలోని రూటరూ తెరమీద పక్కపక్కనే ఉంటాయి, నిజంగా వాటి మధ్య తీగే ఉండకపోవచ్చు. ఒకే రూటర్ రెండుసార్లు కనబడి, లేని గిరికీ ఉన్నట్టు భ్రమ కూడా కలుగుతుంది. దీనికి మందు పారిస్ ట్రేస్‌రూట్, 2006లో పారిస్ పరిశోధకులు తయారుచేసింది. పోర్టులను కదలనీయకుండా, ప్యాకెట్‌ను గుర్తుపట్టడానికి అందులోని చెక్‌సమ్ అంకెను మారుస్తుంది.

ఇంకో మాయ ఎంపీఎల్‌ఎస్. పెద్ద కంపెనీలు తమ లోపలి దారిలో ప్యాకెట్‌కు వేరే చీటీ అంటించి సొరంగంలో పంపినట్టు పంపుతాయి. కొన్నిచోట్ల సొరంగంలోని రూటర్లు అసలు కనబడవు, పన్నెండు మజిలీలు రెండుగా తోస్తాయి. మరికొన్నిచోట్ల కనబడతాయి కానీ, లోపల చనిపోయిన ప్యాకెట్ కబురు సొరంగం చివరిదాకా వెళ్ళి అక్కణ్ణుంచి వెనక్కి తిరుగుతుంది. ముంబయి నుంచి లండన్ దాకా సొరంగమైతే, ముంబయి రూటర్ పక్కన కూడా లండన్ కాలమే పడుతుంది.

దారి ఎవరి చేతిలో ఉంది

ఇంటర్నెట్ అంటే వేల కొద్దీ నెట్‌వర్కుల కలయిక. ఒక్కోదానికీ ఒక ఏఎస్ నంబరు ఉంటుంది. ఏ చిరునామాలకు తన మీదుగా దారి ఉందో ప్రతి నెట్‌వర్కూ పక్కవాటికి చాటించుకునే భాష బీజీపీ. 1989లో కర్క్ లాహీడ్, యాకొవ్ రెక్టర్ భోజనాల బల్ల దగ్గర కాగితపు రుమాళ్ళ మీద దీని తొలిరూపం గీశారు. దగ్గరి దారి, మంచి దారి అన్న విచారణ బీజీపీలో తక్కువ. డబ్బిచ్చే కస్టమర్ మీదుగా పోయే దారి మొదట, ఇచ్చిపుచ్చుకునే మిత్రుడి దారి తర్వాత, డబ్బు కట్టాల్సిన పెద్ద కంపెనీ దారి చివర: వ్యాపార నెట్‌వర్కులు సాధారణంగా ఈ వరసలో ఎంచుకుంటాయి. ట్రేస్‌రూట్ తెరమీద కనబడే వంకరల్లో చాలా ఒప్పందాల వంకరలే.

మన దేశంలో ఇది బాగా తెలిసిన కథ. ఒకే ఊళ్ళో రెండు కంపెనీల కస్టమర్లు మాట్లాడుకుంటుంటే ప్యాకెట్లు అమెరికాకో సింగపూర్‌కో పోయి వచ్చేవి, ఎందుకంటే ఆ రెండు కంపెనీలు కలిసే చోటు అక్కడే ఉండేది. విదేశీ లైనుకు రెండువైపులా డాలర్లు కట్టి పక్కవీధికి కబురు పంపడమన్నమాట. దేశం లోపలే కలుసుకోవడానికి 2003లో నిక్సీ అనే జాతీయ ఎక్స్ఛేంజీని పెట్టారు. హైదరాబాద్‌లోనూ దాని కేంద్రం ఉంది. కెనడాలో నేటికీ ఇదే గొడవ. టొరంటో నుంచి టొరంటోకే పోయే ప్యాకెట్లు చికాగో, న్యూయార్క్ చూసి వస్తున్నాయని, దారిలో అమెరికా నిఘాకు దొరుకుతున్నాయని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన ఐఎక్స్‌మ్యాప్స్ బృందం వేల ట్రేస్‌రూట్లు పోగేసి చూపించింది.

బీజీపీలో చాటింపును నమ్మడమే తప్ప నిజమో కాదో తేల్చే ఏర్పాటు మొదట్లో లేదు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ ప్రభుత్వం యూట్యూబ్‌ను ఆపమంది. పాకిస్తాన్ టెలికాం తన దేశంలో ఆపడానికి యూట్యూబ్ చిరునామాలు తన దగ్గరే ఉన్నాయని లోపల చాటించింది. ఆ చాటింపు హాంకాంగ్‌లోని పెద్ద కంపెనీ మీదుగా బయటి ప్రపంచానికి పాకింది. దాదాపు రెండు గంటల పాటు ప్రపంచంలో చాలాచోట్ల నుంచి యూట్యూబ్‌కు తీసిన దారి పాకిస్తాన్ వైపు తిరిగి అక్కడే ఆగిపోయింది.

కేబుల్ తెగితే కూడా ట్రేస్‌రూట్‌లో కనబడుతుంది, అయితే వేరే రకంగా. 2008 జనవరి 30న ఈజిప్టు అలెగ్జాండ్రియా దగ్గర రెండు సముద్ర కేబుళ్ళు తెగినప్పుడు భారత్ నుంచి ఐరోపాకు పోవాల్సిన ప్యాకెట్లలో చాలా భాగం తూర్పుకు తిరిగి, పసిఫిక్ దాటి, అమెరికా చుట్టి వెళ్ళాయి. దారి ఉంది, కాలం రెండింతలు దాటింది. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్ళు తెగినప్పుడూ ప్యాకెట్లు చుట్టుదారులు పట్టాయి, ఆలస్యం పెరిగింది. మన దేశపు కేబుళ్ళు ఎక్కువగా ముంబయి, చెన్నై తీరాల్లో నేలకెక్కుతాయి. చెన్నై నుంచి సింగపూర్‌కు 2002లో వేసిన ఐటుఐ కేబుల్ పొడవు 3,200 కిలోమీటర్లు. పై లెక్క ప్రకారం పోను రాను 32 మిల్లీసెకన్లు, ట్రేస్‌లో కనబడేదీ దానికి దగ్గరే. విశాఖపట్నంలో పెట్టబోయే ఏఐ కేంద్రంతో పాటు అక్కడ సముద్ర కేబుళ్ళు దింపే ఏర్పాటు కూడా చేస్తామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అది జరిగితే ఆంధ్ర, తెలంగాణల నుంచి తూర్పుకు పోయే ట్రేస్‌లలో ఒక కొత్త ఊరిపేరు కనబడుతుంది.

పటాలు

ఒక ట్రేస్‌రూట్ ఒక దారి చూపుతుంది. లక్షలు కలిపితే పటం తయారవుతుంది. 1998లో బెల్ ల్యాబ్స్‌లో బిల్ చెస్విక్, హాల్ బర్చ్ రోజూ ప్రపంచం నలుమూలలకూ దారులు తీసి, నరాల అల్లికలాంటి రంగుల పటాలు గీశారు. 1999లో యుగోస్లావియా మీద నేటో బాంబులు వేస్తున్నప్పుడు ఆ దేశపు నెట్‌వర్క్ రోజురోజుకూ ఎలా కుంచించుకుపోతోందో వాళ్ళకు ఆ పటాల్లోనే తెలిసింది. శాన్ డియేగోలోని కైడా సంస్థ 1998 నుంచి ఇదే పని విడవకుండా చేస్తోంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైప్ సంస్థ 2010లో మొదలుపెట్టిన అట్లాస్ పథకంలో స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ళ ఇళ్ళలో, ఆఫీసుల్లో అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద పరికరాలు పెట్టారు. ఇప్పుడవి పదివేలు దాటాయి. వాటిలో దేని నుంచైనా దారి తీయించుకోవచ్చు. వచ్చే దారి కనబడదన్న చిక్కుకు ఆచరణలో ఎక్కువమంది వాడే విరుగుడు ఇదే: అవతలి ఊళ్ళో ఉన్న పరికరం నుంచి మన ఇంటికి ట్రేస్ తీయించడం.

దారులు పొట్టివవుతున్నాయి

ఇప్పుడు మామూలు వాడకందారు తీసే ట్రేస్‌లు చాలావరకు కొద్ది వరసల్లోనే ముగిసిపోతాయి. వీడియో కంపెనీలు ఎక్కువమంది చూసే సినిమాల కాపీలను ఇంటర్నెట్ కంపెనీల భవనాల్లోనే తమ పెట్టెల్లో ఉంచుతున్నాయి. కూకట్‌పల్లిలో ఒకరు చూస్తున్న సినిమా సముద్రం మాట అటుంచి నగరం కూడా దాటి రాకపోవచ్చు. ఎనీకాస్ట్ అనే పద్ధతిలో ఒకే చిరునామాను ప్రపంచంలో పలుచోట్ల పెడతారు, ఎవరికి దగ్గరిది వారికి పలుకుతుంది. గూగుల్ నడిపే 8.8.8.8కు హైదరాబాద్ నుంచి తండ్రి, న్యూజెర్సీ నుంచి కూతురు ఒకేసారి ట్రేస్ తీస్తే ఇద్దరికీ చివరి వరసలో అదే అంకె వస్తుంది, ఇద్దరికీ కాలం తక్కువే వస్తుంది, ఇద్దరూ చేరింది మాత్రం వేర్వేరు యంత్రాల దగ్గరికి. వాళ్ళిద్దరూ వీడియో కాల్‌లో మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఈ సర్దుబాటు పనిచేయదు. మాట అటు పోయి ఇటు రావడానికి ఎంత తక్కువన్నా 200 మిల్లీసెకన్లకు అటూఇటూ పడుతుంది. ఇద్దరూ ఒకేసారి ‘హలో’ అని, ఒకేసారి ఆగి, మళ్ళీ ఒకేసారి మొదలుపెట్టేది అందుకే.